గారు తీసేశాక

సోమవారం పొద్దున ఆరున్నరలోపు ఆమె పదకొండు మందికి గారు తీసేసింది. పన్నెండో మనిషి దగ్గర ఉండగా పొయ్యి మీద పాలు పొంగాయి.

బుర్ర పెట్టక్కర్లేని పని కాబట్టే ఆమె దాన్ని ఎంచుకుంది. ఎవరైనా వచ్చి రాసుకోగల ఆ ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో మనుషుల జీవితచరిత్రలు వేలల్లో ఉన్నాయి. రాసేవాళ్లు అభిమానం పట్టలేక వాక్యానికో గారు, పేరాకో శ్రీ తగిలిస్తారు. అక్కడి నియమం మాత్రం మంత్రికైనా మేస్త్రీకైనా ఒకటే, అందరికీ ఏకవచనం. "జన్మించారు" ఉండకూడదు, "జన్మించాడు" అనాలి. "పాడారు" ఉండకూడదు, "పాడింది" అనాలి. ఈ శుద్ధి కోసం సభ్యులు ఒక పట్టిక పెట్టుకున్నారు. ఎడమ గడిలో వ్యాసం పేరు, మధ్య గడిలో పని తీసుకున్నవాళ్ల పేరు, కుడి గడిలో "అయింది". ఎనిమిది నెలలుగా మధ్య గడిలో అందరికంటే ఎక్కువగా కనబడుతున్న పేరు చీమ. అది ఆమె తనకు తాను పెట్టుకున్న పేరు.

"జనానికి మర్యాద తీసేస్తే తీసేశావు గానీ అమ్మాయ్, పాలు కూడా నేలపాలు చేశావు కదే," అంది అత్తయ్య గుడ్డ తెచ్చి గట్టు తుడుస్తూ.

"చూసుకోలేదత్తయ్యా."

"ఎదురుగా కూచుని చూసుకోకపోవడం కూడా ఒక విద్యే."

ఆమె నవ్వాలి కాబట్టి కొంచెం నవ్వింది. ఇంట్లో వాళ్లిద్దరే ఉంటున్నారు. గోడకు మూడో కుర్చీ ఆనించి ఉంది. దాని మీద ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టలు వేస్తారు, ఎవరూ కూచోరు. ఎనిమిది నెలల కిందటిదాకా ఆ కుర్చీలో కూచున్న మనిషి గురించి అత్తాకోడళ్లు మాట్లాడుకోరని కాదు. "వాడి చొక్కాలు," అంటుంది అత్తయ్య. "ఆయన బ్యాంకు పుస్తకం," అంటుంది ఆమె. అక్కడితో ఆపేస్తారు. వాక్యం చివరిదాకా ఇద్దరూ వెళ్లరు.

ఆమె పనిచేసేది పళ్లసెట్లు తయారుచేసే ల్యాబులో. డాక్టర్ల దగ్గర్నుంచి నోటి అచ్చులు డబ్బాల్లో వస్తాయి. పేర్లుండవు, నంబర్లుంటాయి. గిన్నెలో ప్లాస్టర్ పొడి నీళ్లతో కలిపి, కదిలే బల్ల మీద అచ్చు పెట్టి, గరిటె కొసతో కొంచెం కొంచెంగా పోస్తుంది. బల్ల వణుకుతూ ఉంటే గాలిబుడగలు పైకి తేలి పగులుతాయి. ఒక్క బుడగ లోపల మిగిలిందా, ఎవరి చిగుళ్లకో నొప్పి తప్పదు. ఆ పని ఆమె చేతులకు బాగా వచ్చు. ఈమధ్య చేతులు మాత్రమే వెళ్లి పని చేసుకుని వస్తున్నట్టుంది.

భోజనాల వేళ ఫోన్ తీసింది. తను దిద్దిన పేజీల్లో ఎవరైనా వేలు పెడితే ఆ పేజీ ఆమె జాబితాలో పైకి వస్తుంది. వంతెనల పుస్తకం రాసిన ఇంజనీరు పేజీలో ఎవరో మళ్లీ వేలు పెట్టారు. పేరు పెట్టుకోని మనిషి, అంకెలు మాత్రమే. మొదటి వాక్యంలో "రాశాడు" తీసి "రాసింది" అని పెట్టాడు. కింద వాక్యాలన్నీ అలాగే వదిలేశాడు. వారంలో ఇది మూడోసారి. ఇలాంటి అల్లరి మూకల కోసమే రెడీమేడ్ సమాధానం ఒకటుంది. బొటనవేలితో నొక్కింది. "మూలం లేని మార్పు. రద్దు చేశాను. దయచేసి మూలం చూపండి." ఫోన్ బోర్లా పెట్టి అన్నంలో మజ్జిగ పోసుకుంది.

మంగళవారం పొద్దున ఆ వ్యాసం చర్చా పేజీలో ఉత్తరం ఉంది. సంతకం ఎలా పెట్టాలో తెలియక చివర ఫోన్ నంబరు రాశారు.

"అయ్యా, చీమ గారికి నమస్కారం. మీరు మగవాడని రాసిన మనిషి నా భార్య. నలభై రెండేళ్లు కాపురం చేశాను, ఆ మాత్రం నాకు తెలుసు. పోయిన ఏడాది కాలం చేసింది. ఇప్పుడు తన పుస్తకం మళ్లీ అచ్చు వేస్తున్నారు. వెనక అట్ట మీద మీ పేజీలో ఉన్నదే వేస్తారట. శుక్రవారం ప్రెస్సుకు వెళ్తుంది. మూడుసార్లు దిద్దాను, మూడుసార్లూ మీరు తీసేశారు. మూలం అడిగారు. అయ్యా, నేనే మూలం. నా వయసు డెబ్బై నాలుగు. కుట్టుమిషన్లు బాగుచేస్తాను."

బహిరంగ పేజీలో ఫోన్ నంబరు ఉంచకూడదు. ఆమె నియమం ప్రకారం తీసేసింది. తీసేముందు మాత్రం దాన్ని క్యాలెండరు అంచు మీద రాసుకుంది. ఎందుకు రాసుకుందో ఆమెకే తెలియదు.

పేజీ చరిత్ర వెనక్కి తిప్పింది. పాత రూపంలో ఎక్కడా ఆడా మగా లేదు. పేరు మూడు పొడి అక్షరాలు, ఒక ఇంటిపేరు. "వారు జన్మించారు, వారు చదివారు, వారు రాశారు." ఆరు అనే చివరి అక్షరాల కింద మనిషి ఎవరైనా కావచ్చు. తర్వాతి రూపం కింద "చీమ" అని ఉంది. ఒక్క నిమిషంలో పందొమ్మిది చోట్ల ఆరు పోయి ఆడు వచ్చింది. తేదీ చూసింది. తన భర్త పోయిన మూడో వారం. ఆ రోజు ఆమె నూట నలభై పేజీలు దిద్దింది. వంతెనలు, ఉక్కు, ఇంజనీరు అని కనబడగానే మగాడనుకుంది. నిజం చెప్పాలంటే అనుకోను కూడా లేదు. చేతికి వచ్చింది కొట్టింది. ప్లాస్టర్ గిన్నెలు మోసే ఆడది ఉక్కు దూలాల దగ్గర మగాణ్ణి తప్ప ఊహించలేకపోయింది.

సిగ్గు వెయ్యాలి. వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. ల్యాబుకు టైమైంది.

ఆ సాయంత్రం చర్చా పేజీలో విషయం పెట్టింది. "ఇది నా పొరపాటు. ఈ వ్యక్తి స్త్రీ అని భర్త చెబుతున్నారు. మార్చవచ్చా?" గంటలో ఇద్దరు వచ్చారు. ఒకరి పేరు తూనిక, ఇరవై ఏళ్లుగా ఉన్న నిర్వాహకుడు. రెండోవాడి పేరు మర. ప్రోగ్రాములు రాస్తాడు, రాత్రికి రాత్రి వెయ్యి పేజీల్లో కామాలు సర్దుతాడు.

మర రాశాడు: "కుటుంబ సభ్యుల మాట మూలం కాదు. రేపు ఇంకొకాయన వచ్చి మా మేనమామ చంద్రుడి మీద దిగాడంటాడు."

"మగవాడని మాత్రం మూలం ఎక్కడుంది?" అని ఆమె అడిగింది.

మర ఒక పత్రిక లింకు ఇచ్చాడు. రెండు నెలల కిందటి ఆదివారం వ్యాసం, మరుగునపడిన ఇంజనీర్ల గురించి. అందులో "ఆయన" అని మూడుసార్లు ఉంది. ఆమె ఆ పేరా చదివింది. కామాతో సహా తన పేజీలోని పేరానే.

"ఇది మన పేజీ చూసి రాసిందే," అంది.

"కావచ్చు. నిరూపించగలరా? అచ్చైన మూలం అంటే మూలమే."

తూనిక సర్దిచెప్పబోయాడు. "పోనీ ఈ ఒక్క పేజీకి పాత బహువచనమే పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా?"

"ఒక్క పేజీకి మర్యాద మిగిలిస్తే, తీసేసిన మూడు వేల మంది ఏం పాపం చేశారు?" అని మర. చివరికి తూనిక రాశాడు: "చీమ గారూ, స్త్రీ అని చెప్పే అచ్చు మూలం ఒక్కటి తెండి. ఒక్కటి చాలు, నేనే దగ్గరుండి మారుస్తాను."

బుధవారం భోజనాల వేళ ఆమె ల్యాబు మెట్ల మీద కూచుని క్యాలెండరు అంచు నంబరుకు ఫోన్ చేసింది. సభ్యులు అలా చెయ్యరు. ఈ ఎనిమిది నెలల్లో తను కూడా చెయ్యలేదు.

"నమస్కారమండీ. నేను చీమని."

"మీరు అమ్మాయా?"

"అవునండి."

"నేను అయ్యా అని రాశానే!" ముసలాయన గొంతులో నవ్వు దగ్గు కలిసిపోయాయి. "పోన్లెండి. చెల్లుకి చెల్లు."

ఆమె మూలం సంగతి చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. పెళ్లి ఫోటో ఉందన్నాడు. ఫోటో పనికిరాదంది. మరణ ధ్రువీకరణ పత్రం ఉందన్నాడు. అది అచ్చు కాదు, ఇంటి కాగితం, పైగా అందులో పొడి అక్షరాలు లేవు, పూర్తి పేరుంది, ఇద్దరూ ఒకరేనని ఎవరు చెప్పాలి అంటారంది. చెబుతుంటే తన మాటలు ఏదో కౌంటరు అవతలి మనిషి మాటల్లా వినిపించాయి.

"పుస్తకం ముందుమాటలో ఏమైనా రాసుకున్నారా?"

"రాసుకుందమ్మా. 'నేను రాశాను, నేను గీశాను, నేను రుణపడి ఉన్నాను.' నేను అన్నాక ఆడేంటి, మగేంటి?"

"ప్రెస్సువాళ్లకి మీరు చెబితే?"

"చెప్పాను. ఆ అమ్మాయి మంచిదే. 'తాతగారూ, హక్కులు పాత పబ్లిషరు దగ్గర కొన్నాం, మీరెవరో మా కాగితాల్లో లేదు, అక్కడ మారితే ఇక్కడ మారుస్తా' అంది." గొంతు తగ్గించాడు. "పొడి అక్షరాలు నేను ఒప్పుకున్నవే. ఆడవాళ్ల పేరుంటే వంతెనల పుస్తకం ఎవరు కొంటారని అప్పటి పబ్లిషరు అడిగాడు. తనని అడక్కుండా సరే అనేశాను. పుస్తకం వచ్చాక అట్ట చూసి, 'వీరెవరో పెద్దమనిషిలా ఉన్నారే' అంది. అంతే. అందరూ వారు, వీరు అంటూ ఉత్తరాలు రాసేవాళ్లు. చాలా గౌరవించారమ్మా. ఒక్కళ్లూ తనని చూళ్లేదు."

ఆమె మెట్టు మీద ఎండిన ప్లాస్టర్ చుక్కని గోటితో గీకుతూ కూచుంది.

"తనని ఆడమనిషిగా ఎవరూ రాయలేదా? ఎక్కడా? తిట్టినా సరే," అంది చివరికి. ఊరికే, మాట కోసం అంది.

అవతల ఏదో సొరుగు లాగిన చప్పుడైంది. "రేపు మిమ్మల్ని ఎక్కడ కలవచ్చమ్మా?" అన్నాడు ఆయన.

గురువారం మధ్యాహ్నం ఆయన ల్యాబుకు వచ్చాడు. సన్నటి మనిషి, వేళ్ల సందుల్లో ఏళ్లనాటి మిషను నూనె నలుపు. ఓనరు గుమ్మంలోంచి చూసి, "పళ్లసెట్టు కావాలంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి పెద్దాయనా," అన్నాడు.

"నా పళ్లు నావే బాబూ. ముప్ఫై రెండుకి నాలుగే తక్కువ," అని నోరు తెరిచి చూపించి లోపలికి వచ్చేశాడు.

ఆమె చేతులు కడుక్కుని స్టూలు లాగింది. ఆయన సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో పత్రిక కాగితం ఒక్కటి, బ్లేడుతో కోసిన అంచు, నాలుగు మడతలు. మడతల దగ్గర అక్షరాలు పోయాయి. పైన పత్రిక పేరు, నెల, సంవత్సరం, పేజీ నంబరు శుభ్రంగా ఉన్నాయి. పుస్తక సమీక్ష. మధ్య పేరా చుట్టూ ఎవరూ గీత గీయలేదు. అయినా కన్ను నేరుగా అక్కడికే పోయింది.

"పొడి అక్షరాల చాటున దాక్కున్నది ఒక ఇల్లాలని వాకబు చేస్తే తెలిసింది. గరిటె పట్టాల్సిన చెయ్యి స్కేలు పట్టింది. స్వెట్టరు అల్లినట్టు ఉక్కు దూలాలు అల్లింది. తెలిసీ తెలియక నూట యాభై పేజీలు రాసిపారేసింది. ఈమె కట్టే వంతెన మీద ఈ సమీక్షకుడు మాత్రం కాలు పెట్టడు."

ఆమె రెండుసార్లు చదివింది. పట్టింది, అల్లింది, రాసిపారేసింది. ఇంత స్పష్టంగా, ఇంత అనుమానం లేకుండా, ఆ ఇంజనీరు ఆడమనిషని రాసినవాడు ఈ లోకంలో వీడొక్కడే.

"ఈ పత్రిక మా ఇంటికి పోస్టులో వచ్చేది," అన్నాడు ఆయన. "ముందు నేను విప్పాను. చదివి, ఈ పేజీ కోసి, మిషను సొరుగులో అడుగు కాగితం కింద పెట్టేశాను. మిగతాది చెత్తలో వేసి, ఈ నెల రాలేదన్నాను. నెలంతా అడిగింది, ఇంకా రాలేదా, నా పుస్తకం మీద రాస్తామన్నారు అని. అప్పుడు రెండో పుస్తకం మొదలుపెట్టుకుని ఉంది. ఇది చూస్తే ఆపేస్తుందని నా భయం."

"రెండోది రాశారా?"

"లేదు. మొదటిదాని మీద పత్రికవాళ్లు ఒక్క మాటా రాయలేదనుకుని ఆపేసింది."

బల్ల అవతల ఎవరో కదిలే బల్ల ఆన్ చేశారు. డబ్బాల్లో నోటి అచ్చులు టకటక వణికాయి. ఆయన వాటివంక చూస్తూ కూచున్నాడు.

"ఇది పెడితే చదివేవాళ్లకి కనబడుతుందా?" అని అడిగాడు.

"కనబడుతుందండీ. అడుగున చిన్న అక్షరాల్లో. పత్రిక ఇంటర్నెట్లో లేదు కాబట్టి ఆ వాక్యాలు కూడా ఎత్తి రాయాలంటారు. మీకిష్టం లేకపోతే..."

లేకపోతే ఏం చేస్తుందో ఆమెకి తెలియదు. రేపు శుక్రవారం. ఆయన కాగితాన్ని కవరు మీదుగానే అరచేత్తో సాపు చేశాడు, బట్టని మిషను పాదం కిందికి తోసే ముందు చేసినట్టు.

"ముప్ఫై ఆరేళ్లు దాచాను. తనకి కనబడకూడదనే దాచాను. ఇప్పుడు తను చూడదు కదమ్మా," అన్నాడు. "పెట్టెయ్యండి."

ఆమె ఫోన్‌తో మూడు ఫోటోలు తీసింది.

సాయంత్రం చర్చా పేజీలో సమీక్ష పెట్టింది. తూనిక వచ్చి, "పత్రిక నమ్మదగినదే. తేదీ, పేజీ ఉన్నాయి. రాసినవాడి బుద్ధి మన నియమాల్లోకి రాదు. మూలంగా సరిపోతుంది," అని రాశాడు. మర కూడా వచ్చాడు. "సరిపోతుంది. ఆ ఆదివారం పత్రికవాళ్లకి సవరణ కోరుతూ నేను ఉత్తరం రాస్తాను. పందొమ్మిది చోట్లా నా ప్రోగ్రాముతో ఒక్క సెకనులో మార్చేయనా?"

"వద్దు. నేను చేస్తాను," అని రాసింది చీమ.

శుక్రవారం పొద్దున పాలు దింపేశాకే కూచుంది. వెతికి మార్చే మీట ముట్టుకోలేదు. మొదటి వాక్యం నుంచి చివరిదాకా చదువుతూ ఒక్కొక్కటీ చెరిపి రాసింది. జన్మించింది. చదివింది. గీసింది. ఉద్యోగంలో చేరింది. నది పేరు, వంతెన పొడవు, ఎన్ని స్తంభాలు, అన్నీ ఎనిమిది నెలల కిందట తన కళ్ల ముందు నుంచే పోయాయి, ఒక్కటీ చదవలేదు. ఇప్పుడు చదివింది. రాసింది అనే మాట పక్కన చిన్న అంకె వేసి, అడుగున పత్రిక పేరు, నెల, పేజీ, ఆ ఐదు వాక్యాలు దించింది. పందొమ్మిదోది "మరణించాడు". దాన్ని చెరిపేసి "మరణించింది" అని రాసి, అలాగే కూచుండిపోయింది. మార్పుకి కారణం అడిగే గడిలో "పొరపాటు నాది" అని రాసి భద్రపరిచింది.

ఆ సాయంత్రం అత్తయ్య చిక్కుళ్లు వొలుస్తుంటే ఫోన్ మోగింది. ఆమె చేతులు తడిగా ఉన్నాయి, ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కింది.

"అమ్మా, ప్రెస్సు నుంచి ఆ అమ్మాయి చేసింది," అన్నాడు ముసలాయన. "వెనక అట్ట అంతా చదివి వినిపించింది. ఈ పుస్తకం రాసింది, బొమ్మలన్నీ తనే గీసింది, అని. ఆఖర్న ఏమందో తెలుసా? 'తాతగారూ, మరీ ఏకవచనం బాగోలేదేమో. రాశారు, గీశారు అని మార్చేదా? గౌరవంగా ఉంటుంది' అంది."

"మీరేమన్నారు?"

"ఇన్నాళ్లూ గౌరవంగానే ఉందమ్మా, ఇక చాలన్నాను. రాసింది అనే ఉంచమన్నాను. అచ్చుకి వెళ్లిపోయింది. మీకో కాపీ తెచ్చిస్తాను. మిషను ఏదైనా ఉంటే చెప్పండి, చూసిపెడతాను."

ఫోన్ పెట్టేశాక అత్తయ్య అడిగింది, "ఎవరే ఆయన? రాశారు అంటే పోయేదేముంది?"

ఆమె మొత్తం చెప్పింది. తను చేసిన పందొమ్మిది తప్పులు, రెడీమేడ్ సమాధానం మూడుసార్లు నొక్కడం, మిషను సొరుగు, తిట్టిన కాగితం. ఇంత పొడుగ్గా ఆమె మాట్లాడి చాలా రోజులైంది. అత్తయ్య వొలవడం ఆపి విన్నది.

"నలభై రెండేళ్లు కాపురం చేసిన మొగుడు పనికిరాలేదు గానీ, తిట్టినవాడు సాక్ష్యానికి పనికొచ్చాడన్నమాట," అంది. "పైగా ఆయన నిన్ను అయ్యా అన్నాడా!" ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే గోడ వైపు, బట్టల కుర్చీ వైపు చూసింది. "వాడికి గనక ఈ సంగతి చెబితే..." అని ఎప్పటిలాగే ఆగింది. ఆమె తల వంచుకుని ఎదురుచూసింది. అత్తయ్య గింజ ఒకటి గిన్నెలో పడేసి, వాక్యాన్ని పూర్తిచేసింది. "పడీ పడీ నవ్వేవాడు."

ఎనిమిది నెలలుగా ఎక్కడుందో తెలియని ఏడుపు ఆమెకి ఇప్పుడు వచ్చింది. కళ్లు తుడుచుకుందామంటే చేతులు తడిగా ఉన్నాయి.

"అవునత్తయ్యా," అంది. "నవ్వేవాడు."

కొడుకుని కోడలు ఏకవచనంతో అనడం అత్తయ్య ఎన్నడూ వినలేదు. తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. దిద్దలేదు. బట్టలు తీసి మంచం మీద వేసి, కుర్చీ ఆమె దగ్గరికి జరిపింది.